తిరిగొచ్చిన మెయిల్ ఏం చెబుతుంది?

బషీరాబాద్‌కు రైల్లో వచ్చేవాళ్లు దిగే స్టేషన్ పేరు నవాంద్గి. ఊరి పేరు ఒకటి, స్టేషన్ బోర్డు మీద ఉండే పేరు ఇంకొకటి. ఈ దారి తెలిసినవాళ్లకు అదొక విషయమే కాదు. కొత్తవాళ్లు మాత్రం బోర్డు చూసి, ఇక్కడ దిగాలా వద్దా అని ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణం తటపటాయింపు గుర్తుంచుకోండి, ఈ అధ్యాయంలో మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

తాండూరు, బషీరాబాద్ నేలంతా సున్నపురాయి. నీలం బండ, పసుపు బండ గనుల్లోంచి పలకలుగా లేస్తాయి. వాటిని కోసి, పాలిష్ పట్టి, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. తెలుసున్న తమ్ముడొకడికి అక్కడ చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది. బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పోస్తూ కోస్తారు కాబట్టి యూనిట్ చుట్టూ నేలంతా తెల్లటి బురద. అది ఆరితే పిండిలాంటి దుమ్ము. ఆఫీసు గదిలో కంప్యూటర్ కీబోర్డు మీద కూడా అదే దుమ్ము, అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. ఆ కీబోర్డు మీదనే అతను పుణె, షోలాపూర్, చెన్నైలలో ఉన్న బిల్డర్లకు కొటేషన్లు పంపుతాడు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "అన్నా, కొటేషన్ పంపిన. పోయిందనే సూపిస్తుంది. ఆళ్లేమో రాలేదంటున్రు. ఇట్లనే మూడు ఆర్డర్లు పోయినయ్."

అతనికి కంపెనీ పేరుతో సొంత డొమైన్ ఉంది. నెలకు కొంత అద్దె కట్టి ఎక్కడో డేటా సెంటర్‌లో ఒక చిన్న సర్వర్ తీసుకున్నాడు. ఇంజినీరింగ్ చదివే బంధువుల పిల్లవాడు దాని మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. రెండేళ్లు బాగానే నడిచింది. ఆదివారం వెళ్లి కూర్చున్నాను. మొదటి ప్రశ్న ఒకటే అడిగాను. "తిరిగొచ్చిన మెయిల్ ఏదన్నా ఉందా తమ్మీ?"

"అదేదో రోబో పంపే ఇంగ్లీషు మెయిల్ వస్తుందన్నా. నేను డిలీట్ చేస్తున్న."

అసలు సంగతంతా అందులోనే ఉంది. మెయిల్ సర్వర్‌ను ఎవరైనా అడ్డుకుంటే, ఎందుకు అడ్డుకున్నారో చాలాసార్లు వాళ్లే రాసి పంపుతారు. ఆ కాగితం చదవకుండా మిగతా ఎన్ని పరీక్షలు చేసినా, జ్వరం ఎంతుందో చూడకుండా మందు రాసినట్టే.

ట్రాష్ ఫోల్డర్‌లోంచి షోలాపూర్ కొటేషన్‌కు వచ్చినదాన్ని వెనక్కి తీశాం. పంపినవారి పేరు మెయిలర్ డీమన్. కింద పది పన్నెండు వరుసల తర్వాత ఒక సంఖ్య: 550. దాని పక్కన 5.7.1. ఆ తర్వాత ఒక వాక్యం, మీ సర్వర్ చిరునామా ఫలానా జాబితాలో ఉంది కాబట్టి తీసుకోవడం లేదు అని.

ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. రెండు మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఎస్‌ఎంటీపీ పేరుతో రాసిపెట్టాడు. నలభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా మెయిల్ నడిచేది ఆ పద్ధతి మీదనే. పంపే సర్వర్ వెళ్లి తలుపు తడుతుంది, తన పేరు చెప్పి పలకరిస్తుంది, ఈ కవరు ఫలానావారి దగ్గర్నుంచి అంటుంది, ఫలానావారికి అంటుంది, ఆపైన ఉత్తరం అందిస్తుంది. ప్రతి మాటకూ అవతలి సర్వర్ మూడంకెల జవాబిస్తుంది. మొదటి అంకె 2 అయితే సరే. 4 అయితే ఇప్పుడు కాదు, మళ్లీ రా. 5 అయితే కుదరదు, ఇక రాకు. ఉత్తరం చేరితే వచ్చే జవాబు 250.

4కూ 5కూ మధ్య తేడా చాలా పెద్దది. 4తో మొదలయ్యే జవాబు వస్తే పంపే సర్వర్ ఉత్తరాన్ని వరుసలో దాచుకుని కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మనం ఏమీ మార్చకపోతే ఐదు రోజులు ఓపిక పడుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లను మొదటిసారి కావాలనే 4తో తిప్పి పంపే పద్ధతి కూడా ఒకటుంది. ఇవాన్ హారిస్ 2003లో ప్రతిపాదించిన దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు. నిజమైన సర్వర్ మళ్లీ వస్తుంది. లక్షల మెయిళ్లు విసిరి పారిపోయే దొంగ ప్రోగ్రాము సాధారణంగా రెండోసారి రాదు. కాబట్టి 4 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. 5 కనిపిస్తే మాత్రం కూర్చుని చదవాలి. చుక్కలతో విడదీసిన రెండో సంఖ్యలో నడుమ ఉన్న 7, ఇది భద్రతకో నియమానికో సంబంధించిన తిరస్కరణ అని చెబుతుంది. అదే చోట 1 ఉంటే చిరునామాలో తప్పు, 2 ఉంటే అవతలి పెట్టెలో ఇబ్బంది. షోలాపూర్ బిల్డర్ పెట్టె నిండిపోలేదు, చిరునామాలో తప్పు లేదు. మా తమ్ముడి సర్వర్‌ను చూసే వద్దన్నారు.

ఎందుకు వద్దన్నారో అర్థం కావాలంటే పోస్టెల్ పద్ధతిలో ఉన్న ఒక ఖాళీ సంగతి తెలియాలి. పోస్టుకార్డు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాయొచ్చు. డబ్బాలో వేసేటప్పుడు అడిగేవాళ్లుండరు. ఎస్‌ఎంటీపీ కూడా సరిగ్గా అంతే. పైగా ఇక్కడ పేరు రెండుచోట్ల ఉంటుంది: సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు చెప్పుకునే కవరు మీది పేరు ఒకటి, ఉత్తరం తలలో మనకు కనిపించే పేరు ఒకటి. ఈ రెండూ ఒకటే కావాలని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు. పోస్టెల్‌కు ప్రమాదం తెలియక కాదు. 1975 నవంబర్‌లోనే అక్కర్లేని టపా సమస్య మీద అతను ఒక చిన్న పత్రం రాశాడు. 1978 మే 3న డిజిటల్ కంపెనీకి చెందిన గ్యారీ థర్క్ కొత్త కంప్యూటర్ల ప్రచారానికి దాదాపు 400 మందికి ఒకే మెయిల్ పంపాడు. మొదటి స్పామ్‌గా చరిత్రలో నిలిచింది అదే. ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్‌లో అప్పుడు ఉన్నవాళ్లు కొద్దిమందే, చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లు. తిట్లతోనే పని అయిపోయింది. లోకమంతా వచ్చి చేరాక తిట్లు పనిచేయలేదు.

1997లో పాల్ విక్సీ, డేవ్ ర్యాండ్ కలిసి స్పామ్ పంపే చిరునామాల జాబితా ఒకటి తయారుచేసి, కావలసినవాళ్లు అడిగి చూసుకునే ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హాస్ మొదలుపెట్టాడు. ఈ జాబితాలను అడిగే తీరు నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. కొత్త యంత్రాంగం ఏమీ కట్టలేదు. ఇంటర్నెట్‌లో అప్పటికే ఉన్న పేర్ల పుస్తకం, అంటే డీఎన్ఎస్‌నే వాడుకున్నారు. సర్వర్ చిరునామా 203.0.113.25 అనుకుందాం. దాన్ని వెనకనుంచి ముందుకు తిప్పి, 25.113.0.203 అని రాసి, చివర జాబితా పేరు తగిలించి, ఈ పేరుగలవాడు ఉన్నాడా అని పేర్ల పుస్తకాన్ని అడుగుతారు. లేడని జవాబొస్తే మనం మంచివాళ్లం. ఉన్నాడని వస్తే జాబితాలో ఉన్నట్టు. జవాబుగా వచ్చే చిరునామా 127తో మొదలవుతుంది. అలాంటివి బయటి ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వరు కాబట్టి నిజమైన సర్వర్ చిరునామా అనుకుని పొరపడే వీల్లేదు.

ఆ జవాబులోని చివరి అంకె కూడా చదవాలి. స్పామ్‌హాస్ తన జాబితాలన్నిటినీ జెన్ అనే ఒకే పేరు కింద కలిపి ఇస్తుంది. చివర 2 వస్తే స్పామ్ పంపేవారిగా మనుషులు పరిశీలించి చేర్చిన జాబితా. 4 వస్తే వైరస్ పట్టిన, లేదా దొంగల చేతిలో పడిన యంత్రం. 10, 11 వస్తే మనం ఏ తప్పూ చేయలేదు. ఇళ్లకిచ్చే కనెక్షన్ల చిరునామా అది, అక్కడినుంచి నేరుగా మెయిల్ రాకూడదు అన్న నియమం మాత్రమే. ఈ మూడింటికీ మందు వేరు. 10 వచ్చినవాడు పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చుంటే పని కాదు, 4 వచ్చినవాడు క్షమాపణ ఫారం నింపితే చాలదు. ఇక్కడ ఇంకో గుంట ఉంది. చాలామంది వాడే ఉచిత డీఎన్ఎస్ సేవల మీదుగా అడిగితే స్పామ్‌హాస్ అసలు జవాబివ్వదు, 127.255.255.254 అని లోపాన్ని తెలిపే ఒక సంకేతం పంపుతుంది. అది చూసి జాబితాలో పడ్డామని గుండెలు బాదుకున్నవాళ్లున్నారు. లోపలికి వచ్చే మెయిళ్లకు ఆ సంకేతాన్నే "ఉన్నాడు" అని చదువుకుని, మంచి ఉత్తరాలన్నీ తిప్పికొట్టిన సర్వర్లూ ఉన్నాయి.

మా తమ్ముడి చిరునామాకు వచ్చిన జవాబులో చివరి అంకె 4.

"అంటే ఏందన్నా? మన కంప్యూటర్ల వైరస్ ఉన్నదా?"

చూద్దాం అని సర్వర్‌లోకి వెళ్లి, వరుసలో ఎన్ని ఉత్తరాలు ఆగి ఉన్నాయో చూపించే ఆజ్ఞ ఇచ్చాను. రోజుకు పది కొటేషన్లు దాటని యూనిట్ అది. తెర మీద వరుసలు పైకి పరుగెత్తడం మొదలుపెట్టి ఆగలేదు. వేలల్లో ఉత్తరాలు. జర్మనీ, బ్రెజిల్, పోలండ్ చిరునామాలు. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తూ, "ఇవి మేం పంపలే అన్నా" అన్నాడు, గొంతు తగ్గించి, తన మీద ఎవరో నేరం మోపినట్టు.

మెయిల్ లాగ్ తెరిచాం. సర్వర్ చేసిన ప్రతి పనీ అక్కడ ఒక వరుసగా రాసి ఉంటుంది. లోపలికి వచ్చి పాస్‌వర్డ్ చెప్పి మెయిల్ పంపించమన్న ప్రతిసారీ ఆ ఖాతా పేరు పడుతుంది. రాత్రి రెండు గంటలకు, రెండు దాటి ఒక నిమిషానికి, ఆ మరుసటి నిమిషానికి, ఒకే ఖాతా పేరు. యూనిట్ మొదలైనప్పుడు పెట్టుకున్న సాధారణ విచారణల ఖాతా అది. ఇప్పుడు ఎవరూ తెరవరు. పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే ఊరి పేరు, దాని వెనక 123. అంతే. వైరస్ లేదు. ప్రపంచంలో ఎక్కడో ఒక ప్రోగ్రాము తలుపులన్నీ తడుతూ ఊరి పేర్లు, మనిషి పేర్లు, అంకెలు కలిపి చూస్తూ పోయి, ఈ తలుపు తీసుకుంది.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. జాబితాలో పేరు కనబడగానే తొలగించమని ఫారం నింపుతారు. తొలగిస్తారు కూడా, చాలా జాబితాల్లో అది కొన్ని గంటల పని. నీళ్లు కారుతూనే ఉంటాయి కాబట్టి మరునాడు పొద్దున్నే పేరు మళ్లీ ఎక్కుతుంది. రెండోసారి, మూడోసారి అడిగినవాడిని నమ్మడం తగ్గుతుంది. ముందు కారే చోటు మూయాలి. ఆ ఖాతా ఆపేశాం. మిగతా అందరి పాస్‌వర్డులూ మార్చాం. ఒక ఖాతా గంటకు ఇన్ని మెయిళ్లకు మించి పంపకూడదని హద్దు పెట్టాం. వరుసలో ఉన్న దొంగ ఉత్తరాలన్నీ తుడిచేశాం. నాలుగైదు గంటలు లాగ్ చూస్తూ కూర్చున్నాం, బయటికి ఒక్కటి కూడా పోలేదని రూఢి చేసుకోడానికి. అప్పుడు ఒకే ఒక్కసారి ఫారం నింపి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాశాం.

ఇందులో మన దేశం మొత్తానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 2012 తొలి మూడు నెలల్లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ స్పామ్ బయలుదేరింది భారతదేశంలోని కంప్యూటర్ల నుంచేనని సోఫోస్ అనే భద్రతా సంస్థ లెక్క తేల్చింది, మొత్తంలో 9.3 శాతం. ఆ స్పామ్ రాసింది మనవాళ్లని కాదు. కొత్తగా ఇంటర్నెట్ వచ్చిన ఇళ్లలో, దుకాణాల్లో రక్షణ లేని కంప్యూటర్లను బయటివాళ్లు లొంగదీసుకుని వాడుకున్నారు. కానీ అవతలి సర్వర్‌కు కనిపించేది చిరునామా ఒక్కటే. పక్క చిరునామాలోవాడు ఎలాంటివాడో అన్నది కూడా మన ఖాతాలో పడుతుంది. చవక సర్వర్లు అద్దెకిచ్చే చోట నిన్నటిదాకా మన చిరునామాలో ఉన్నవాడు ఏం చేసి పోయాడో మనకు తెలియదు. ఇది అన్యాయమే. అయినా 2008 నవంబర్ 11న కాలిఫోర్నియాలో మెకోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీకి కనెక్షన్లు తెంపితే ప్రపంచమంతటా స్పామ్ సగానికి పైగా పడిపోయింది. ఇరుగుపొరుగును చూసి అనుమానించడంలో పూర్తిగా అర్థం లేదని అనలేను.

జాబితాలోంచి పేరు పోయింది. చెన్నైకి మెయిల్ చేరింది. పుణెకు చేరింది గాని స్పామ్ పెట్టెలో పడింది. తలుపు దగ్గర ఆపడం వేరు, లోపలికి రానిచ్చి చెత్తబుట్ట పక్కన కూర్చోబెట్టడం వేరు. రెండోదానికి ఏ కాగితమూ తిరిగిరాదు. ఇప్పుడు మన గుర్తింపు పత్రాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకోవాలి.

మొదటిది నవాంద్గి సంగతి. పేరు చెబితే చిరునామా ఇచ్చేట్టుగానే, చిరునామా చెబితే పేరు ఇచ్చే ఏర్పాటు కూడా డీఎన్ఎస్‌లో ఉంటుంది. దాన్ని పీటీఆర్ అంటారు. తలుపు తట్టినవాడు నేను ఫలానా మెయిల్ సర్వర్‌ను అంటాడు. అవతలివాళ్లు అతను వచ్చిన చిరునామాను తిరగేసి, దీని పేరేమిటి అని అడుగుతారు. వచ్చిన పేరును మళ్లీ ముందుకు అడిగితే అదే చిరునామా రావాలి. మా తమ్ముడి సర్వర్ తన కంపెనీ పేరు చెబుతోంది, బోర్డు మీద మాత్రం అద్దెకిచ్చినవాళ్లు పెట్టిన పొడుగాటి అంకెల పేరు ఉంది. స్టేషన్ పేరు, ఊరి పేరు ఒకటే కానక్కర్లేదు, ఈ స్టేషన్ ఆ ఊరిదే అని రెండు వైపులా రాసి ఉంటే చాలు. ఇది మన డొమైన్ దగ్గర మార్చేది కాదు, చిరునామా ఎవరి సొత్తో వాళ్లే మార్చాలి. అందుకే ఇంత మంది దీన్ని వదిలేస్తారు. సర్వర్ అద్దెకు తీసుకున్నచోటే ఒక మూల ఆ పెట్టె ఉంటుంది.

రెండోదాని సంగతి తాండూరు రైతుకు చెబితే నాకన్నా బాగా అర్థమవుతుంది. తాండూరు కందిపప్పుకు పేరుంది. పేరున్నచోట ఎక్కడి కందులైనా తెచ్చి సంచి మీద తాండూరు అని కొట్టేవాళ్లూ ఉంటారు. 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ పేరు ఎవరు వాడొచ్చో చట్టప్రకారం రాసిపెట్టారు. ఎస్‌పీఎఫ్ చేసేదీ ఇదే. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ చిరునామాలకే ఉంది అని డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో ఒక వరుస రాస్తాడు. 2006లో ఇది ప్రయోగాత్మక పత్రంగా వెలువడింది. ఒక్క వరుసే గాని తప్పులు దానిలోనే ఎక్కువ. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ వరుసే ఉండాలి. ఎవరో చెప్పారని పాతదాన్ని ఉంచి పక్కన రెండోది రాస్తే రెండూ చెల్లవు. ఒక వరుస చదవడానికి పది కంటే ఎక్కువసార్లు డీఎన్ఎస్‌ను మళ్లీ అడగాల్సొస్తే అదీ చెల్లదు. మా తమ్ముడికి రెండు వరుసలున్నాయి. ఒకటి పాత వెబ్‌సైట్ కట్టినవాళ్లు రాసింది, ఒకటి ఆ పిల్లవాడు రాసింది. రెండేళ్లుగా అతనికి ఎస్‌పీఎఫ్ లేనట్టే లెక్క.

ఎస్‌పీఎఫ్‌కు ఒక బలహీనత ఉంది. మెయిల్‌ను ఎవరైనా మరొకరికి దాటవేస్తే, అంటే ఫార్వర్డ్ అయితే, అది వచ్చేది మూడోవాళ్ల చిరునామా నుంచి. అప్పుడు హక్కు చెల్లదు. కాబట్టి ఉత్తరానికే ముద్ర వేయాలి. యాహూలో మార్క్ డెలానీ మొదలుపెట్టిన పద్ధతీ, సిస్కోవాళ్లు మొదలుపెట్టిన పద్ధతీ కలిసి 2007లో డీకిమ్ అయింది. పంపే సర్వర్ దగ్గర ఒక రహస్య తాళంచెవి. దానితో ఉత్తరం ఒంటికీ తలకూ లెక్క కట్టి సంతకం పెడుతుంది. దానికి జోడీ అయిన బహిరంగ తాళంచెవి డీఎన్ఎస్‌లో అందరికీ కనబడుతుంది. దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం తప్పుతుంది. ఇక్కడ మాకు ఎదురైన ఇబ్బంది చాలా చిన్నది, పట్టుకోడానికి గంటకు పైగా పట్టింది. డీఎన్ఎస్‌లో ఒక తీగగా రాయగలిగింది 255 అక్షరాలే. 2048 బిట్ల తాళంచెవి అంతకన్నా పొడుగు, రెండు ముక్కలుగా రాయాలి. పిల్లవాడు ఒకే ముక్కగా అతికిస్తే పెట్టె తోకను కత్తిరించేసింది. సంతకం పడుతూనే ఉంది, సరిచూసినవాళ్లందరికీ తప్పు వస్తోంది. సంతకం కలవకపోతే అసలు సంతకం లేనట్టే లెక్క.

ఈ రెండింటినీ మనకు కనిపించే పేరుతో ముడివేసేది డీమార్క్. 2012లో బయటికొచ్చింది, 2015లో పత్రమైంది. ఎస్‌పీఎఫ్ చెల్లింది సరే, చెల్లినది కవరు మీది పేరుకా, ఉత్తరం తలలో కనిపించే పేరుకా? డీకిమ్ సంతకం ఎవరిది? వీటిలో ఒక్కటైనా కనిపించే పేరుతో కలవాలి. కలవకపోతే ఏం చేయాలో డొమైన్ యజమానే చెప్పాలి: ఊరుకోవాలా, పక్కన పెట్టాలా, తిప్పి పంపాలా. మొదట ఊరుకోమని పెట్టి, రోజూ వచ్చే నివేదికలు కొన్ని వారాలు చదివాకే గట్టి మాట రాయడం మంచిది. 2024 ఫిబ్రవరి నుంచి ఇదంతా ఇష్టమైతే చేసుకునే పని కాకుండా పోయింది. సొంత జీమెయిల్ ఖాతాలకు ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్ గాని డీకిమ్ గాని ఉండాలి, పీటీఆర్ సరిగా ఉండాలి. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి లోపు ఉండాలి. యాహూ కూడా అదే సమయంలో ఇలాంటి నియమాలే పెట్టింది.

పత్రాలన్నీ సరిగ్గా ఉన్నా అక్షరాల దగ్గర ఇంకో సంగతి మిగులుతుంది. తెలుగులో మెయిల్ రాసేవాళ్లు ఇది తెలుసుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఎస్‌ఎంటీపీ ఇంగ్లీషు అక్షరాల కోసం పుట్టింది. తెలుగు అక్షరాన్ని దాటించడానికి మామూలుగా మారువేషం కడతారు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ఆ మూడు బైట్లను బేస్64 అనే పద్ధతి నాలుగు ఇంగ్లీషు అక్షరాలుగా మారుస్తుంది. "బ" అని రాస్తే దారిలో అది 4, పెద్ద ఎల్, పెద్ద సీ, చిన్న ఎస్ అనే నాలుగు గుర్తులుగా వెళుతుంది. "బషీరాబాద్" అనే పేరు మన నోటికి ఐదు అక్షరాలు. యంత్రానికి గుడులు, దీర్ఘాలు, చివరి పొల్లు విడివిడిగా లెక్క కాబట్టి తొమ్మిది సంకేతాలు, ఇరవై ఏడు బైట్లు, దారి మీద ముప్పై ఆరు గుర్తులు. మొదటి నుంచి చివరిదాకా తెలుగే ఉన్న మాటను ఆ వేషంలో చూస్తే ప్రతి నాలుగు గుర్తులకొకసారి అదే 4, అదే ఎల్ కనిపిస్తాయి.

చెడ్డ మాటలు ఫిల్టర్ కంట పడకుండా స్పామర్లు కూడా ఇదే వేషం వాడుకున్నారు. అందుకే 2001లో జస్టిన్ మేసన్ మొదలుపెట్టిన స్పామ్‌అస్సాసిన్‌లో పాఠాన్ని బేస్64లో దాచిన మెయిల్‌కు మార్కులు వేసే నియమం ఒకటి చేరింది. ఆ ప్రోగ్రాములో మామూలుగా ఐదు మార్కులు చేరితే స్పామ్. ఒక నియమంతోనే ఎవరూ స్పామ్ అయిపోరు. కానీ పీటీఆర్ లేదని కొన్ని, సంతకం తప్పిందని కొన్ని, ఒక్క వాక్యమూ లేకుండా పెద్ద బొమ్మ మాత్రమే ఉందని కొన్ని, ఇలా అన్నీ కలిసి ఐదు దాటుతాయి. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం ఒక వ్యాసంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన బేయిస్ పద్ధతి ఇంకోలా పనిచేస్తుంది. మనం స్పామ్ అన్నవీ కాదన్నవీ చదివి, ఏ మాట ఏ వైపు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టుకుంటుంది. కొత్త ఉత్తరంలోని మాటల లెక్కలన్నీ కలిపి, ఇది స్పామ్ అయ్యే అవకాశం ఎంతో చెబుతుంది. తెలుగు ఉత్తరాలు ఎన్నడూ చూడని ఫిల్టర్‌కు "నాపరాయి" అన్న మాట ఏ వైపూ లేదు. అది మనల్ని కాపాడలేదు, ముంచలేదు. అప్పుడు తీర్పంతా చిరునామా, సంతకాల మీదే పడుతుంది. తెలుగులో ఉత్తరాలు రాసుకునేవాళ్లు పెరిగి, అవతలివాళ్లు తెరిచి చదివి జవాబులు రాసేకొద్దీ ఆ మాటలు మంచి వైపు చేరతాయి. ఇందులో భాషాభిమానం ప్రసక్తి లేదు, ఆ లెక్క నడిచే తీరే అది.

మా తమ్ముడి కొటేషన్లలో తెలుగు లేదు. ఉన్నది ఒక ఫొటో మాత్రమే: ధరల పట్టికను ఫోన్‌తో తీసిన బొమ్మ, కింద ఒక్క మాట కూడా లేదు. బండ రకం, మందం, చదరపు అడుగు ధర, లారీ కిరాయి అక్షరాల్లో రాయమన్నాను.

చిరునామాకు మంచి పేరు తిరిగి రావడానికి కొంతకాలం పడుతుంది. ఆ రోజుల్లో కొత్తవాళ్లకు గుంపుగా పంపకూడదు. ముందు ఎప్పటినుంచో కొంటున్నవాళ్లకు, జవాబు రాసేవాళ్లకు, రోజుకు కొద్దిగా. జవాబు వచ్చిన ప్రతి ఉత్తరమూ మన తరఫున సాక్ష్యం చెబుతుంది. అందుకే అతను ఫోన్ పట్టుకుని పాత ఖాతాదారులందరినీ ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, స్పామ్ పెట్టెలో చూడమన్నాడు. షోలాపూర్ ఆయనకు మెయిల్ తలుపు దగ్గరే ఆగిపోయింది కాబట్టి అక్కడ ఏమీ లేదు. పుణె ఆయనకు దొరికింది. స్పామ్ కాదు అన్న బొత్తాం నొక్కాడట. పసుపు బండ ధర తగ్గించమని అక్కడే జవాబు కూడా రాశాడు.

తర్వాతి వారం రాత్రి ఫోన్ మోగింది. కోత యంత్రం ఆపేసిన నిశ్శబ్దం వెనక వినబడుతోంది. లాగ్ ముందు కూర్చుని ఉన్నాడు.

"అన్నా, షోలాపూర్‌కు పంపిన. ముందు 4తోని వచ్చింది. మీరు చెప్పినట్టు ఏం ముట్టుకోలే, ఊకున్న. పావుగంటకు అదే మళ్ల పోయింది. ఇగో, 250 అని పడ్డది."